మా తాత నూనె పోసిన ఓడ

పోయిన నెల ఆఫీసు పని మీద విశాఖపట్నం వెళ్ళి, మొదటిసారి సముద్రం చూశాను. సాయంత్రం ఒడ్డున నిలబడితే దూరంగా నాలుగైదు సరుకు ఓడలు కదలకుండా కనిపించాయి. నాతో వచ్చిన మా ఆఫీసు అమ్మాయి "అవి పాడైపోయాయా?" అంది.

"లేదు. రేవులో చోటు దొరికేదాకా అలాగే ఉంటాయి. పైన అంతా నిద్రపోతున్నట్టు ఉంటుంది గానీ కింద ఇంజను దగ్గర ఎవడో ఒకడు మేలుకునే ఉంటాడు" అన్నాను.

"మీది పిట్లం కదా, నీకెలా తెలుసు?"

నవ్వొచ్చింది. మా వైపు పెద్ద నీళ్ళంటే నిజాంసాగరే. అది కూడా చాలా ఏళ్ళు అడుగు కనిపిస్తూ ఉంటుంది. కానీ పదకొండో ఏట ఒక ఎండాకాలం సెలవులన్నీ నేను ఓడ ముచ్చట్లలోనే గడిపాను. ఎల్లారెడ్డి అవతల, వరి పొలం గట్టున, మోటరు కొట్టంలో కూర్చుని విన్న ముచ్చట్లు అవి.

మా నాన్నకు పిట్లంలో విత్తనాల దుకాణం ఉండేది. పరీక్షలు అయిపోయిన మర్నాడే అమ్మ నన్ను ఎల్లారెడ్డి పంపించేది. అక్కడ మా అమ్మ తల్లి ఉండేది, ఆమెను అవ్వ అనేవాళ్ళం. తాత, మామ, అత్త కూడా ఆ ఇంట్లోనే. చిన్నమ్మ కొడుకు కూడా వచ్చేవాడు. నాకు తమ్ముడి వరస, ఏడాది చిన్న. నోట్లో మాట ఆగని పిల్లాడు.

తాతను ఊళ్ళో అందరూ జహాజాయన, అంటే ఓడాయన అనేవారు. పొడుగ్గా, ఎండిన జొన్న చొప్పలా ఉండేవాడు. వయసులో ఉండగా బొంబాయి పోయి, రేవులో మూటలు మోసి, అక్కడి ఓడ కలాసీల పెద్ద కంట్లో పడి ఓడెక్కాడు. కొన్నేళ్ళు చేసి, ఒక్కసారిగా మానేసి వచ్చి వ్యవసాయంలో పడ్డాడు. ఎందుకు మానేశాడని అడిగితే "సాలనిపిచ్చింది" అనేవాడు, అంతే.

ఇంట్లో మాత్రం ఓడ ఊసెత్తకూడదు. అవ్వకు గిట్టదు. "గా జహాజు ముచ్చట నా గడప దాటి రావొద్దు" అనేది. అందుకే ముచ్చట్లన్నీ మోటరు కొట్టంలోనే. త్రీఫేజు కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలిసేది కాదు. వచ్చేదాకా తాత మా వాడు. వచ్చిందంటే లేచి మోటరు వేసి, మడుల వెంట పోయేవాడు. కరెంటు రావొద్దని మొక్కుకున్న పిల్లలు ఆ చుట్టుపక్కల మేమిద్దరమే అయి ఉంటాం.

ఆ కొట్టం వాసన ఇప్పటికీ గుర్తే. గ్రీసు, వేడెక్కిన తీగ, తడి మన్ను, తాత కాల్చే చుట్ట. అవ్వ సద్ది కట్టి పంపేది. జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కారం, ఒక్కోరోజు ఉడకబెట్టిన మక్క గుడాలు. తాత రొట్టె తుంచి నోట్లో వేసుకుని, ఎక్కడ ఆపాడో అక్కడి నుంచే మొదలుపెట్టేవాడు.

"అది యుద్ధం జహాజు బిడ్డా. అమెరికోళ్ళు లడాయి నడుస్తుండంగనే తొందర తొందరగ కట్టిండ్రట. లడాయి అయ్యేదాక తేల్తే సాలనుకున్నరు. అదేమో లడాయి ఒడిసి, కట్టినోళ్ళు ముసలోళ్ళయినా తేలుకుంటనే ఉండె. నేను ఎక్కెటాల్లకు బొంబాయి సేట్లు కొనుక్కున్నరు. కొత్త పేరు రంగుతోటి రాసిండ్రు గని, పాత పేరు ఇనుము మీద ఉబ్బి ఉండె. ఎండ పక్క నుంచి పడ్డప్పుడు రెండు పేర్లు కనవడ్తుండె."

"జోర్‌గ పోతుండెనా తాతా?" అనేవాడు తమ్ముడు.

"యాడి జోరు! సైకిలోడు దాటేస్తడు. పిట్లం అంగడికి పోయే ఎడ్లబండి కన్న జర నయం, గంతే."

ఓడలో తాత పని ఇంజనుకు నూనె పోయడం. ఆ పని చేసేవాణ్ణి తేల్‌వాలా అనేవారట. ఆ ఇంజను మూడంతస్తుల ఇంటంత ఉండేదని, దానికి మూడు గుండ్రటి పెద్ద డబ్బాలు, ఒక్కోదానిలో ఒక్కో పిస్టను ఉండేవని చెప్పేవాడు. ఆవిరి ముందు చిన్నదాంట్లోకి పోయి, అక్కడ సగం సత్తువ ఇచ్చి, నడిమిదాంట్లోకి, ఆ తర్వాత పెద్దదాంట్లోకి పోయేదట. "సిన్నోడు తిని ఇడిసింది నడిమోడు, నడిమోడు ఇడిసింది పెద్దోడు తింటడు. ఇంత గూడ వేస్టు కాదు" అనేవాడు. మా ఇంట్లో బట్టలు దీనికి అడ్డం తిరిగి, పెద్దవాళ్ళ నుంచి చిన్నవాళ్ళకు వచ్చేవి. ఆ విషయం తాతకు చెబితే పొట్ట పట్టుకుని నవ్వాడు.

అన్నింటికంటే మమ్మల్ని భయపెట్టిన సంగతి వేరే. ఇంజను తిరుగుతుండగానే లోపలికి చెయ్యి పెట్టి, కీళ్ళు వేడెక్కాయో లేదో చూడాలి. మనిషి నడుమంత లావు కడ్డీలు పైకీ కిందికీ ఆడుతుంటాయి. అవి మీదికి వచ్చే తాళానికి చెయ్యి వేసి, అరచేతితో తాకి, వెనక్కి తీయాలి. తాళం తప్పితే చెయ్యి ఉండదు.

"భయం కాకపోయేదా?" అన్నాను.

"మనసు ఆడనే ఉంటే భయం ఉండదు బిడ్డా. మనసు ఇంకోదిక్కు పోతెనే ఖతం."

ఆ మాట విన్నాక మేం ఒక ఆట కనిపెట్టాం. మామ సైకిలును తలకిందులుగా నిలబెట్టి తమ్ముడు పెడలు తిప్పుతాడు. నేను ప్రతి చుట్టుకూ పెడలును అరచేత్తో తాకాలి. మోచేతి ఎముక మీద రెండు దెబ్బలు పడ్డాక తాత నూనె డబ్బా మీదికి మనసు మళ్ళింది. కోడిమెడలాంటి మూతి, నొక్కితే టిక్కుమని శబ్దం. ఒకరోజు అది ఎత్తుకెళ్ళి ఇంట్లో కీచుమనే ప్రతిదానికీ నూనె పోశాం. తలుపు, ఉయ్యాల గొలుసు, బావి గిరక. అంతటితో ఆగితే బాగుండేది. అవ్వ ఇసుర్రాయి కూడా గరగరలాడుతోందని దాని నడిమి మేకుకు కూడా దండిగా పోశాం.

మర్నాడు పొద్దున్న జొన్నరొట్టెలు ఇంటిల్లిపాదికీ మోటరు కొట్టంలాగే కమ్మగా వాసన వేశాయి.

అవ్వ చీపురు అందుకుంది. తమ్ముడు పరుగెడుతూ "తాత జహాజుల అమెరికా నుంచి జొన్నలు తెచ్చెటప్పుడు గూడ గిట్లనే వాసనొచ్చిందట!" అని అరిచాడు. వాడి మాటకు అవ్వ చీపురు దించేసింది.

"తెచ్చిండు, ఎందుకు తేలే! గా ఎర్ర జొన్నలే రేషన్ల మాకు ఏసిండ్రు. రొట్టె ఒత్తితే పలుగుడు, తింటే గొంతు దిగకపోవుడు. ఊరంత తిట్టుకుంట తిన్నది. ఆయన సముద్రాల మీద తిరుగుతుండె, ఆయన తెచ్చిన గడ్డిగింజలు నేను ఈడ నములుకుంట ఉంటి" అని తాత వైపు చూసింది. అందరం నవ్వాం. అవ్వ మాత్రం నవ్వలేదు. తాత రొట్టె వదిలేసి కండువా దులుపుకుని పొలానికి వెళ్ళిపోయాడు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది, ఇది జొన్నల గురించిన కోపం కాదని.

అత్తను అడిగితే గిన్నెలు తోముతూ చెప్పింది. తాత ఓడ మీద ఉండగా తాత తల్లి చనిపోయింది. కొడుకును పలవరిస్తూ అవ్వ ఒళ్ళోనే ప్రాణం విడిచింది. కొరివి తాత తమ్ముడు పెట్టాడు. తాత ఇల్లు చేరేసరికి నెలలు గడిచిపోయాయి. "తల్లికి గుండు గూడ కొట్టిచ్చుకోని కొడుకు" అని ఊరు ఊరంతా అనేది. బావి దగ్గర, కల్లాల దగ్గర ఆ మాటలన్నీ పడింది అవ్వే.

తర్వాత వారమే మోటరు కాలిపోయింది. యాసంగి వరి పాలుపోసుకుంటున్న టైము. ఇంకో రెండు తడులు పారకపోతే గింజ తాలు పోతుంది. ఎల్లారెడ్డిలో మోటర్లు బాగుచేసే అతను పెండ్లికని ఊరికి పోయాడు. తాత ట్రాలీ ఆటోలో మోటరును కామారెడ్డి పంపించి, రెండో రోజు తీసుకురావడానికి బయల్దేరాడు. మేమిద్దరం ఏడ్చి, గునిసి వెంటపడ్డాం.

బస్సు దిగాక దుకాణానికి తిన్నగా ఒక రోడ్డు ఉంది. నీడ ఉంది, చెరుకు రసం బండి కూడా ఉంది. తాత అటు చూడకుండా పక్క గల్లీలోకి తిప్పాడు. మోరీలు దాటుకుంటూ, గోడలకు ఒరుసుకుంటూ ఎండలో చుట్టూ తిరిగి వెళ్ళాం.

"గా రోడ్డు మీదికెళ్ళి పోతే అయిపోతుండె గద తాతా" అన్నాడు తమ్ముడు.

"గా రోడ్డు మంచిగ లేదు."

రోడ్డు అద్దంలా ఉంది.

మోటరు తయారై ఉంది. ఆటో మాట్లాడుకునేలోపే మోటారు సైకిళ్ళ మీద కుర్రాళ్ళు జెండాలతో, నినాదాలతో వచ్చారు. తెలంగాణ కోసం బందులు నడుస్తున్న రోజులవి. ఉన్నట్టుండి షట్టర్లు ధడధడా దిగిపోయాయి. "సాయంత్రం దాకా ఏం కదలదు పెద్దాయనా, గప్పుడు రా" అని దుకాణం అతను కూడా తాళం వేసి ఇంటికి పోయాడు. బస్సులు లేవు, ఆటోలు లేవు. మూసిన దుకాణం మెట్ల మీద ముగ్గురం కూర్చున్నాం. ఇంటి నుంచి తెచ్చిన రొట్టెలు బస్సులోనే అయిపోయాయి. కాసేపటికి తాత కండువా మొహం మీద వేసుకుని కునుకు తీశాడు.

మేం నీళ్ళు వెతుక్కుంటూ బయల్దేరాం. నీళ్ళ కంటే ముందు వాసన దొరికింది. నూనెలో ఎర్రగా వేగిన ఉల్లిగడ్డ వాసన. దాన్ని పట్టుకుని పోతే, తాత "మంచిగ లేదు" అన్న ఆ రోడ్డు మీదే తేలాం. ఒక చాయ్ హోటల్ షట్టరు సగం దించి ఉంది. వంగి చూస్తే లోపల తెల్ల గడ్డం, అల్లిక టోపీ, గుండ్రటి పొట్ట ఉన్న ముసలాయన పెద్ద గంటెతో గిన్నె కలుపుతున్నాడు.

"రాండ్రి, వంగి రాండ్రి. బందు పెద్దోళ్ళకు. పిల్లలకు కాదు" అన్నాడు.

ఖిచిడీ పెట్టాడు. మీద వేయించిన ఉల్లిగడ్డ, పక్కన పుల్లటి ఖట్టా. అంత ఆకలి మీద అలాంటి తిండి నేను మళ్ళీ ఎప్పుడూ తినలేదు. తింటుంటే అడిగాడు, ఎవరి పిల్లలని.

"మాది ఎల్లారెడ్డి దిక్కు. మా తాత జహాజాయన. అమెరికా దాక పోయిండు" అన్నాడు తమ్ముడు, నోటినిండా పెట్టుకుని.

ముసలాయన గంటె ఆగింది. "పొడుగ్గ ఉంటడా? కుడి చెయ్యి మీద కాలిన మచ్చ?"

"ఔ. గాడ మెట్ల మీద పండుకున్నడు."

ఆయన పొయ్యి మంట తగ్గించాడు. తర్వాత ఇంకో పళ్ళెంలో ఖిచిడీ పెట్టి, పైన ఆకు మూసి నా చేతికిచ్చాడు. "తేల్‌వాలాకు ఇయ్యి బిడ్డా. తినకపోతే ప్లేటు ఆయన్నే తెచ్చియ్యమను."

ఆ పేరుతో మా తాతను ఊళ్ళో ఎవరూ పిలవరు. పళ్ళెం ఇచ్చి ఆ మాట చెప్పగానే తాత కండువా జారిపోయింది. పళ్ళెం వంక చూశాడు. తినలేదు. అలా చాలాసేపు కూర్చుని, చివరికి లేచి, పళ్ళెం రెండు చేతులతో పట్టుకుని ఆ రోడ్డు మీదికి నడిచాడు. మేం వెనకే.

షట్టరు కింద నుంచి లోపలికి వంగడానికి తాతకు కష్టమైంది. లోపలి మనిషి చెయ్యి అందించబోతే తీసుకోలేదు.

"నీ ప్లేటు."

"తినలే?"

"ఆకలి లేదు."

"మొకం సూస్తెనే తెలుస్తుంది. కూసో."

"నీ ఇంట్ల కూసునేటోన్ని గాదు నేను."

"ఇది ఇల్లు గాదు, హోటల్. పైసలిచ్చి కూసో."

తాత బల్ల మీద కూర్చున్నాడు, గోడ వైపు తిరిగి. పొయ్యి మీద చాయ్ పొంగి దిగింది. పెద్దవాళ్ళు మౌనంగా ఉంటే తమ్ముడికి ఊపిరాడదు. "తాతా, గీ తాత ఎవలు? నువ్వెందుకు మాట్లాడుతలేవు?" అన్నాడు.

"గీయన మా జహాజుల భండారీ. వంటాయన" అన్నాడు తాత గోడతోనే. "జహాజంత కలిపి తెలుగు వచ్చినోళ్ళం మేమిద్దరమే. అన్నదమ్ముల్లెక్క ఉంటిమి. గట్లాంటోడు, మా అమ్మ సచ్చిపోయిందని తెలిసి గూడ నాకు చెప్పలే. బొంబాయి నుంచి అమెరికా పోయి, మళ్ళ బొంబాయి వచ్చేదాక దాసిపెట్టిండు. నా తల్లి ఈడ మన్నుల కలిస్తె, నేను ఆడ వీని చేతి మటన్ తిన్న. మైల దినాలల్ల మటన్ తిన్న! వీడు పెడితె."

"తప్పు" అన్నాడు భండారీ.

"ఏది తప్పు?"

"మటన్ తినలే. నువ్వు మటన్ తినలే. యాది జేస్కో. బొంబాయి ఇడిసినంక ఏం తిన్నవు?"

తాత గోడ వైపు నుంచి కొంచెం ఇటు తిరిగాడు. "పప్పు. మాంసం దాసే బర్ఫ్ కమ్రా ఖరాబై అంత పాడైందంటివి."

"ఖరాబ్ కాలే. మాంసం మంచిగనే ఉండె. తాళమేసి చెవి నా నడుముకు కట్టుకున్న. నీ ఒక్కనికే పప్పు పెడితే అడుగుతవని జహాజంత పప్పే పెట్టిన. కలాసీలు తిట్టిండ్రు. కప్తాన్ పిలిచి తిట్టిండు. కలాసీల పెద్ద నా గంటె గుంజుకొని నా మీదికే ఎత్తిండు. పెట్టలే. దినాలు అయ్యేదాక పెట్టలే."

తాత చెయ్యి తనంతట తానే నెత్తి మీదికి పోయింది.

"గుండు..." అన్నాడు.

"మరి?"

"పేన్లు పడ్డయంటివి. కింద ఉడుకకు తల తీసేస్తే సల్లగుంటదంటివి."

"పదో దినం. లెక్క పెట్టుకొని కొట్టిచ్చిన. నీకు అనుమానం వస్తదని నేను గూడ కొట్టిచ్చుకున్న. ఇద్దరం బోడిగుండ్లతోటి నిలబడితె అందరు నవ్విండ్రు. నువ్వు గూడ నవ్వినవు. నీళ్ళు పోస్కొని రమ్మంటె, పోస్కొని వచ్చినవు. మన దేశం దిక్కు, తూర్పు మొకాన నిలబడమంటె ఎందుకురా అని అడిగినవు. ఊకెనే అన్న."

తాత రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని వాటి వంకే చూస్తున్నాడు.

"ఎందుకు చెప్పలేవురా నాకు?"

"బొంబాయిల జహాజు నిచ్చెన పైకి గుంజుతుండంగ నాకు ఎరుకైంది. మన దిక్కు కూలోడు ఒకడు రేవు ఒడ్డు నుంచి ఒర్రి చెప్పిండు. నువ్వు అప్పటికే కింద ఇంజన్ల ఉన్నవు. చెప్తె ఏం జేస్తుంటివి? ఈదుకుంట పోతుంటివా? తిరిగే ఇంజన్ల చెయ్యి పెట్టేటోనివి. నీ మనసు ఊర్లె ఉండి చెయ్యి ఆడ ఉంటె, చెయ్యి తెగి పడుతుండె. నీకు బదులు నేనే ఏడ్చిన, ఉల్లిగడ్డలు కోసుకుంట. భండారీ ఏడిస్తే ఎందుకని ఎవ్వడు అడగడు."

"గిన్నేండ్లు చెప్పలేవు గద మరి."

"చెప్పనిచ్చినవా? బొంబాయిల దిగంగనే మీ అమ్మ సంగతి చెప్పిన. మిగిలింది చెప్పేలోపట్నే చెంప పలగ్గొట్టి పోయినవు. నాకు గూడ రోషం ఉంటది గద! వస్తడు, అడుగుతడు అని సూసిన. నువ్వు నా హోటల్ కనవడొద్దని గల్లీలల్లకెళ్ళి పోతుంటివి. నాకు ఎరుక లేదనుకున్నవా? నీ పొడుగు ఏ గల్లీలనన్న కనవడ్తది."

తాత చప్పున పళ్ళెం దగ్గరికి లాక్కున్నాడు. ఆకు తీసి తినడం మొదలుపెట్టాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోకుండా తింటున్నాడు. నేనూ తమ్ముడూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. తాత ఏడవడం అంతకుముందు మేం చూడలేదు.

"సల్లగైంది. ఆగు, ఉడుకుది తెస్త" అన్నాడు భండారీ.

"ఒద్దు." ఇంకో ముద్ద తిని, "ఉప్పు ఎక్కువైంది" అన్నాడు తాత.

"అప్పుడు గూడ గిదే మాట. అప్పుడు గూడ తిన్నంకనే అంటుంటివి."

ఇద్దరూ ఒకేసారి నవ్వారు. తర్వాత తాత ఇంకొకటి అడిగాడు. నలభై ఏళ్ళుగా లోపల ఉన్న ప్రశ్న అయి ఉంటుంది. "జహాజు ఏమైంది?"

భండారీ చివరి దాకా దాంట్లోనే ఉన్నాడట. గోధుమలు తెచ్చింది, బొగ్గు మోసింది, ఉప్పు మోసింది. తుప్పు చెక్కిన చోటల్లా రంగు పూశారు, రంగు పూసిన చోటల్లా మళ్ళీ తుప్పు పట్టింది. చివరికి బొంబాయిలోనే బురద ఒడ్డుకు ఎక్కించి, ముక్కలుగా కోసి పాత ఇనుముకు అమ్మేశారు. "ఆఖరి దినం గూడ తన ఇంజన్ మీదనే ఒడ్డుకొచ్చింది. ఎవ్వడు గుంజలే దాన్ని" అన్నాడు. తాత తల ఊపాడు. తమ్ముడు మూడో పళ్ళెం అడిగాడు.

సాయంత్రం బందు విడిచాక మోటరు ఆటోకెక్కించి ఇల్లు చేరాం. తెల్లారి మోటరు బిగించి, నీళ్ళు మడుల్లోకి పారాకే తాత అవ్వకు సంగతంతా చెప్పాడు. అవ్వ వాకిట్లో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. అంతా విన్నాక కూడా పిక్కలు తీస్తూనే ఉంది. రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మూడో రోజు సర్వపిండి కాల్చి, డబ్బాలో పెట్టి, కొత్త చీర కట్టుకుంది.

"నన్ను కామారెడ్డి తీస్కపో" అంది.

ఈసారి తిన్నని రోడ్డు మీదే వెళ్ళాం. భండారీ అవ్వను చూసి టోపీ సర్దుకుని లేచి నిలబడ్డాడు. అవ్వ డబ్బా బల్ల మీద పెట్టి, ఆ తర్వాత ఇద్దరినీ దులపడం మొదలుపెట్టింది.

"ఈయనకు రోషం, నీకు రోషం. నడుమ నేనేం పాపం జేసిననయ్యా? తల్లికి గుండు కొట్టిచ్చుకోనోని పెండ్లాం అని ఎన్ని మాటలు పడ్డ! నాకన్న ఒక్క మాట కబురు పెట్టొద్దా? గుండు కొట్టిచ్చిన, తలకు నీళ్ళు పోయిచ్చిన అని?"

"తప్పయింది చెల్లె" అన్నాడు భండారీ.

చెల్లె అనే మాట వినగానే అవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది. "సర్వపిండి సల్లగైతది, తినుండ్రి" అంది.

తిన్నాక అవ్వే అడిగింది, ఎవరూ ఊహించని మాట. "గా జహాజు ఎంతుంటది? గీ హోటల్ అంత ఉంటదా?"

ఇద్దరు ముసలివాళ్ళూ ఒకరినొకరు చూసుకుని చెప్పులు తొడుక్కున్నారు. రోడ్డు మీదికి దిగారు. హోటల్ ముందు ఓడ ముక్కు అన్నారు. అక్కడి నుంచి నడక మొదలైంది. బట్టల కొట్టు ముందు మొదటి గోదాము. ఎరువుల దుకాణం ముందు రెండోది. "గోధుమలు పోస్తే గీడిదాక నిండుతుండె" అని తాత చెయ్యి పైకెత్తి పక్క మేడ చూపించాడు. ఆటోలు హారను కొట్టాయి. ఒక కానిస్టేబులు ఏం పోగొట్టుకున్నారని అడిగాడు. "జహాజు" అన్నాడు భండారీ. వంటగది ఎక్కడన్న దాని మీద నడిరోడ్డు మీద ఇద్దరికీ గొడవైంది. తాత మందుల షాపు దగ్గరంటాడు, భండారీ ఇంకా ముందరంటాడు. ఇంజను మాత్రం టైలరు కొట్టు ముందని ఇద్దరూ ఒప్పుకున్నారు. అక్కడ తాత ఆగి, తిరుగుతున్న కడ్డీని తాకినట్టు గాల్లో చెయ్యి ఆడించాడు. అవ్వ కొంగు నెత్తిన వేసుకుని, డబ్బా చంకన పెట్టుకుని ప్రతి గోదాము దగ్గరా ఆగుతూ వెనకాలే వచ్చింది. ఓడ తోక ఎక్కడో తెలిసేసరికి హోటల్ చాలా దూరంలో చిన్నగా కనిపించింది.

"గింత ఇనుము ఎట్ల అతికిచ్చిండ్రు?" అంది.

"మొగోళ్ళు లడాయికి పోయిండ్రు గద చెల్లె. ఆడోళ్ళే మంట పట్టుకొని అతికిచ్చిండ్రట. పెద్దోళ్ళు చెప్తుండె" అన్నాడు భండారీ.

అవ్వ వెనక్కి తిరిగి ఆ రోడ్డు పొడుగూతా ఒకసారి చూసింది.

"గట్ల చెప్పు మరి. ఆడోళ్ళు అతికిచ్చిండ్రు గనకనే గన్ని దినాలు ఆగింది."

ఆ ఏడు వరి బాగానే పండింది. ఆ తర్వాత వచ్చిన సెలవులన్నిటిలోనూ తాత వారానికోసారి కామారెడ్డి వెళ్ళేవాడు. మందులకని, విత్తనాలకని, ఏదో ఒకటి చెప్పి. ఇద్దరూ చాయ్ తాగుతూ ఏ రేవులో ఏం జరిగిందో వాదులాడుకునేవారు. ఒకరు చెప్పింది ఇంకొకరు ఒప్పుకోగా నేను వినలేదు. జిల్లాలు మారాయి, మేం పెద్దవాళ్ళమయ్యాం, సెలవులు తగ్గిపోయాయి. ముందు భండారీ, రెండేళ్ళకు తాత వెళ్ళిపోయారు. ఇద్దరూ మంచం పట్టకుండానే పోయారు. హోటల్ ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. మోటరు కొట్టం పడిపోయింది, బోరుకు మోటరు తనంతట తానే వేసే నీలం డబ్బా ఒకటి బిగించారు.

అవ్వ ఉంది. చూపు తగ్గింది గానీ నోరు తగ్గలేదు. విశాఖ నుంచి వచ్చిన ఆదివారం ఎల్లారెడ్డి వెళ్ళి, సముద్రం చూశానని చెప్పాను. మామ మనవరాలు అవ్వ ఒళ్ళో పడుకుని ఉంది. నేను రెండో మాట చెప్పేలోపే అవ్వ నన్ను ఆపేసి, ఆ పిల్ల నెత్తి నిమురుతూ తనే అందుకుంది. ఓడ ఎంత పొడుగో, ఎన్ని గోదాములో, ఆవిరి చిన్నోడి నుంచి పెద్దోడికి ఎలా పోతుందో చెప్పింది. గోదాములు రెండు ఎక్కువే చెప్పింది. వంటగదిని భండారీ చెప్పిన చోటే పెట్టింది. తాత ఉంటే లేచి కొట్లాడేవాడు. మేమెవరం దిద్దలేదు.